అంకెను చూసి కొన్న టర్బో

కారుకు కొత్త టర్బో పెట్టించి, ఇంజన్ బలాన్ని కొలిచే డైనో యంత్రం మీద పరీక్షించాక చేతికిచ్చిన కాగితం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పైన పెద్ద అక్షరాల్లో 342 హార్స్‌పవర్ అని ఉంటుంది. దాన్ని ఫొటో తీసి ఆ సాయంత్రమే పదిమందికి పంపాను. అందరూ అంకెనే చూశారు. దాని కింద ఉన్న గీతను ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. ఆ గీత 2,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచి 4,000 దాకా నేలబారుగా పాకుతూ వచ్చి, 4,600 దగ్గర ఒక్కసారిగా గోడెక్కినట్టు లేస్తుంది. నా ఇంజన్ 7,000కు మించి తిరగదు. చివరి మూడో వంతు కోసం కారంతా విప్పించానన్నమాట.

కారు రెండు లీటర్ల పెట్రోలు బండి. నాలుగు సిలిండర్లు. తయారీదారు అమర్చిన చిన్న టర్బోతోనే వచ్చింది. కింది నుంచి చక్కగా లాగేది కానీ 5,500 దాటాక ఆయాసపడేది. ఆ ఆయాసం తీర్చాలనుకున్నాను. అంతవరకు తప్పేమీ లేదు. టర్బోల జాబితా ముందేసుకుని, ఒక్కోదాని పక్కన రాసి ఉన్న గరిష్ఠ హార్స్‌పవర్ మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాక కథ అడ్డం తిరిగింది. 350 దాకా సరిపోయేది ఒకటి, 450కి ఒకటి, 600కి ఒకటి. నాకు కావలసింది 320. అయినా 600 రాసి ఉన్నదే కొన్నాను. పెరిగే పిల్లాడికి రెండు సైజులు పెద్ద చొక్కా కుట్టించే తెలివి అది. పిల్లాడు పెరుగుతాడు. రెండు లీటర్ల ఇంజన్ రెండు లీటర్లుగానే ఉంటుంది.

టర్బో అంటే బయటి నుంచి తెచ్చి తగిలించే బలమని చాలామందికి ఒక భ్రమ. ఇంజన్ వదిలేసిన పొగతో తిరిగే గాలిపంపు అది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచీ 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇదే: ఎగ్జాస్ట్‌లో వృథాగా పోతున్న శక్తితో ఒక చక్రాన్ని తిప్పాలి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రంతో గాలిని ఇంజన్లోకి నెట్టాలి. పొగ తగిలే చక్రం టర్బైన్, గాలి నెట్టేది కంప్రెసర్. ఇంజన్ ఎంత పొగ ఇస్తే టర్బో అంత తిరుగుతుంది. టర్బో ఎంత తిరిగితే ఇంజన్‌కు అంత గాలి అందుతుంది. ఈ వలయం నుంచి టర్బోను ఊడదీసి విడిగా చూసేవాడు రెండు తప్పులు చేస్తాడు. కొనేటప్పుడు దాని మీది అంకెను నమ్ముతాడు, చెడినప్పుడు దాన్నే తిడతాడు. నేను రెండూ చేశాను. రెండింటికీ డబ్బు కట్టాను.

లెక్క ముందే వేసుకోవలసింది. హైస్కూలు భౌతికశాస్త్రం చాలు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ప్రతి రెండు చుట్లకు ఒకసారి తన కొలతంత గాలిని మింగుతుంది. అంటే నా ఇంజన్ చుట్టుకు ఒక లీటరు, 7,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 7,000 లీటర్లు. సిలిండర్లు ఎప్పుడూ అంచుదాకా నిండవు కాబట్టి 95 శాతం వేసుకుంటే 6,650 లీటర్లు, అంటే 6.65 ఘనపు మీటర్లు. బూస్ట్ అంటే బయటి గాలి పీడనానికి పైన టర్బో కలిపే పీడనం. ఒక బార్ బూస్ట్ అంటే సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో మొత్తం పీడనం సుమారు రెండు బార్లు. నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటి 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలికి వెళ్లే గాలి ఆ పీడనంలో ఘనపు మీటరుకు దాదాపు 2.2 కిలోలు తూగుతుంది. గుణిస్తే నిమిషానికి 14.6 కిలోలు. కేటలాగులన్నీ పౌన్లలో మాట్లాడతాయి కనుక 32 పౌన్లు. నిమిషానికి ఒక పౌను గాలికి సుమారు 10 హార్స్‌పవర్ అని పెట్రోలు ఇంజన్లకు ఒక మోటు లెక్క ఉంది. అంటే 320. నేను కోరుకున్నదీ అంతే. నేను కొన్నది నిమిషానికి 60 పౌన్ల గాలి నెట్టగలిగే టర్బో.

అవసరానికి రెట్టింపు ఉంటే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. జవాబు ప్రతి టర్బోకూ తయారీదారు ఇచ్చే కంప్రెసర్ మ్యాప్‌లో ఉంటుంది. అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా పీడన నిష్పత్తి, అంటే కంప్రెసర్ నుంచి బయటికి వచ్చే పీడనాన్ని లోపలికి వెళ్లే పీడనంతో భాగిస్తే వచ్చేది. మధ్యలో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు. అన్నిటికంటే లోపలి వలయంలో కంప్రెసర్ తక్కువ వేడితో ఎక్కువ పని చేస్తుంది. ఎడమ పక్క ఏటవాలుగా ఒక గీత ఉంటుంది, దాన్ని సర్జ్ గీత అంటారు. ఆ గీత దాటితే గాలి ముందుకు పోలేక వెనక్కి తన్నుతుంది. కుడి అంచున చోక్. అక్కడ చక్రం ఎంత తిరిగినా ఇక గాలి పెరగదు.

నిలువు కొలతలో కూడా ఒక మోసం దాగి ఉంది. ఒక బార్ బూస్ట్ కనుక నిష్పత్తి రెండు అని రాసేసుకుంటాం. ఎయిర్ ఫిల్టరు దగ్గర కొంత పీడనం పోతుంది, ఇంటర్‌కూలర్లోనూ గొట్టాల్లోనూ మరికొంత పోతుంది. మానిఫోల్డ్‌లో 200 కిలోపాస్కళ్లు కావాలంటే కంప్రెసర్ 214 దాకా నెట్టాలి. దాని నోటి దగ్గర మాత్రం 101కి బదులు 96 మాత్రమే ఉండవచ్చు. 214ను 96తో భాగిస్తే 2.23. సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తున ఉన్న రోడ్డు మీద బయటి పీడనమే 85 కిలోపాస్కళ్ల దగ్గర ఉంటుంది. అక్కడ అదే బూస్ట్ కోసం టర్బో ఇంకా వేగంగా తిరగాలి. మన బూస్ట్ గేజీకి ఇవేవీ తెలియవు. అది అదే అంకె చూపిస్తూ ఉంటుంది.

ఆలస్యంగానైనా ఒక రాత్రి ఆ మ్యాప్ ప్రింటు తీసి పెన్సిల్‌తో చుక్కలు పెట్టాను. 7,000 దగ్గర 32 పౌన్లు: మ్యాప్‌కు దాదాపు నడుమ, బాగానే ఉంది. 5,000 దగ్గర 23: ఎడమకు జరిగింది. 3,500 దగ్గర 16: చుక్క సర్జ్ గీతకు అవతల పడింది. అంటే ఆ వేగంలో ఈ టర్బో ఒక బార్ ఇవ్వడమంటూ జరిగితే సర్జ్ తప్పదు. అసలు అంత బూస్ట్ ఇచ్చే పొగే అక్కడ లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో సగం తొక్కితే ముందు నుంచి వచ్చే ఒక శబ్దం అప్పటికి రెండు నెలలుగా నన్ను వేధిస్తోంది. పావురం రెక్కలు కొట్టుకున్నట్టు టపటపమనేది. బేరింగ్ పోయిందని ఒకరు, వాల్వు చెడిందని ఒకరు అన్నారు. అది సర్జ్. అంతకుముందు కొందరు స్నేహితులు ఆ శబ్దాన్నే రికార్డు చేసుకుని మెచ్చుకున్నారు కూడా. చక్రం మీద గాలి వెనక్కి తన్నే ప్రతి దెబ్బనూ ఇరుసును ముందూ వెనకా పట్టి ఉంచే థ్రస్ట్ బేరింగ్ భరిస్తుందని తెలిస్తే మెచ్చుకునేవారు కారేమో.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బయటి గాలి 27 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. దాన్ని రెట్టింపు పీడనానికి నొక్కేటప్పుడు కంప్రెసర్ సమర్థత 70 శాతం ఉంటే బయటికి వచ్చే గాలి సుమారు 121 డిగ్రీలు ఉంటుంది. సమర్థత 55 శాతానికి పడితే 146. గేజీలో రెండింటికీ ఒక బారే. ఆ పాతిక డిగ్రీల తేడా ఇంటర్‌కూలర్ నెత్తిన పడుతుంది. అది మోయలేనిది సిలిండర్లోకి వెళుతుంది. అక్కడ నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి తనంతట తాను పేలడం, మొదలవుతుంది, ఇంజన్‌ను నడిపే కంప్యూటరు ఈసీయూ స్పార్క్ పడే సమయాన్ని వెనక్కి లాగుతుంది, మనం సంపాదించిన బలం అలా జారిపోతుంది. చిన్న టర్బోను దాని శక్తికి మించి పిండినప్పుడు జరిగేది ఇదే. పెద్దదాన్ని ఎడమ అంచున నడిపినా ఇదే జరుగుతుంది. రెండు దారుల్లోనూ వెళ్లి ఒకే గోతిలో పడవచ్చు.

పొగ తగిలే వైపు, అంటే టర్బైన్ హౌసింగ్ గురించి కొనేవాళ్లు అసలు ఆలోచించరు. ఏ బై ఆర్ అని ఒక నిష్పత్తి రాసి ఉంటుంది: పొగ వచ్చే దారి వైశాల్యాన్ని, ఇరుసు నుంచి ఆ దారి మధ్యభాగం ఎంత దూరంలో ఉందో ఆ దూరంతో భాగిస్తే వచ్చేది. 0.63 అయితే పొగ ఇరుకు దారిలో వేగంగా వచ్చి చక్రాన్ని తొందరగా లేపుతుంది. 0.82 అయితే తాపీగా లేస్తుంది కానీ పైన ఊపిరి ఆడుతుంది. తోట పైపు కొసను బొటనవేలితో నొక్కిపట్టిన వాళ్లకు ఇది మళ్లీ చెప్పక్కర్లేదు. నొక్కుడు మరీ ఎక్కువైతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో పీడనం బూస్ట్‌కు రెట్టింపు దాకా పోగుపడి, కాలిన పొగ సిలిండర్లోనే మిగిలిపోతుంది. పొగ రెండు వేరు దారుల్లో వచ్చే ట్విన్ స్క్రోల్ హౌసింగుల మీద మోజు ఉన్నవాళ్లకు ఒక మాట: 1-3-4-2 క్రమంలో మండే నాలుగు సిలిండర్ల ఇంజన్లో 1, 4 సిలిండర్ల పొగ ఒక దారిలో, 2, 3 సిలిండర్ల పొగ ఇంకో దారిలో టర్బైన్ దాకా విడివిడిగా వస్తేనే దానివల్ల లాభం. నాలుగూ ఒకే గొట్టంలో కలిసే మానిఫోల్డ్‌కు రెండు గదుల హౌసింగ్ బిగించిన కారును కళ్లారా చూశాను. యజమాని దాని గురించి ఎంత సంబరంగా చెప్పాడంటే, నిజం చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఇంతకీ నేను ఏం చేశానంటే, ఆ పెద్దదాన్ని తీసేసి 45 పౌన్ల తరగతిలో, 0.63 హౌసింగ్‌తో ఇంకోటి పెట్టించాను. బూస్ట్ అంతే, ఇంధనం అంతే. డైనో మీద 318 వచ్చింది. 24 హార్స్‌పవర్ తగ్గింది. కానీ పూర్తి బూస్ట్ 3,300 దగ్గరే అందింది. మూడో గేరులో 60 నుంచి 120 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పెద్ద టర్బోతో 6.9 సెకన్లు పట్టేది, చిన్నదానితో 5.2 పడుతోంది. తక్కువ హార్స్‌పవర్ ఉన్న కారు ఎక్కువ వేగంగా పోవడమేమిటంటే, డైనో అంకె శిఖరం ఎత్తును కొలుస్తుంది, మనం నడిపేది మాత్రం కింది వాలు అంతటి మీదా. ఒక వారం పాటు ఇంజన్ వేగాన్ని రికార్డు చేసి చూసుకుంటే, 4,500 పైన నేను గడిపిన సమయం వంద నిమిషాలకు నాలుగైదు నిమిషాలు కూడా లేదు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు, అది బలహీనమైనదీ కాదు. ట్రాక్ మీద గేరు మారినప్పుడల్లా ముల్లు 5,000 పైనే నిలిచే కారుకు నా పెద్ద టర్బో సరైనదే కావచ్చు. అక్కడ కింది వాలుతో పనే లేదు. ఇంకొకటి, చిన్న టర్బో తక్కువ వేగంలోనే ఒక్కసారిగా టార్క్, అంటే తిప్పే బలం, కుమ్మరిస్తుంది. పిస్టన్లను క్రాంక్ ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్లు వంగేది ఎక్కువగా అక్కడే. తయారీదారు వేసిన రాడ్లనే ఉంచుకునేవాడికి ఆలస్యంగా లేచే టర్బో ఒక రకంగా రక్షణ. ఈ ప్రమాదం తప్పించడానికే ఇంజన్ సెట్టింగులు సరిచేసే నా ట్యూనర్ 3,300 కింద బూస్ట్‌ను కావాలనే కోసిపెట్టాడు. ఆ కోత నాకు నచ్చలేదు కానీ నోరెత్తలేదు. మూడో వాదన సరదాకు సంబంధించినది: వేచి వేచి ఒక్కసారిగా వీపు మీద తన్నినట్టు వచ్చే బలంలో మజా ఉందంటారు. ఉంది. తడి రోడ్డు మలుపులో అదే తన్ను తగిలిన రోజు నుంచి నాకు ఆ మజా మీద మోజు తగ్గింది.

టర్బో చుట్టూ ఉండవలసినవి లేకపోతే ఏమవుతుందో కార్ల చరిత్రే మొదట్లో చూపించింది. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారు వచ్చింది. టర్బోతో అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి కార్లలో అదొకటి. మూడున్నర లీటర్ల వీ8 ఇంజన్, కంప్రెషన్ నిష్పత్తి 10.25, అంటే సిలిండర్లో మిశ్రమాన్ని అన్ని రెట్లు నొక్కేది. అంత కంప్రెషన్ మీద బూస్ట్ వేస్తే నాకింగ్ తప్పదు కనుక నీళ్లూ మెథనాలూ కలిపిన ద్రవాన్ని ఇన్‌టేక్‌లోకి చిమ్మే ఏర్పాటు చేశారు. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని గంభీరమైన పేరు కూడా పెట్టారు. ద్రవం అయిపోతే బూస్ట్ తగ్గిపోయే ఏర్పాటూ ఉంది. యజమానులు ఆ ట్యాంకు నింపడం మరిచిపోయారు. బండి లాగడం లేదని గొడవపెట్టారు. చివరికి చాలా కార్లకు టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ బిగించారు. ఖాళీ అయింది ట్యాంకు. పోయింది టర్బో. అరవై ఏళ్లు దాటినా మన వర్క్‌షాపుల్లో ఈ తీర్పు మారలేదు.

నా విషయంలోనూ అదే తీర్పు పడింది. పెద్ద టర్బో పెట్టిన మూడో వారం నుంచి, సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు నిలబడితే సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలయ్యేది. కదిలి కాస్త తొక్కగానే మాయమయ్యేది. వర్క్‌షాపులో ఒక్క ముక్కలో తేల్చేశారు: సీల్ పోయింది, టర్బో మార్చాలి. మధ్యభాగం, అంటే ఇరుసూ బేరింగులూ ఉండే భాగం కొత్తది వేయించాను. పది రోజులకు పొగ మళ్లీ వచ్చింది. ఈసారి నాకు అమ్మినవాళ్ల మీద కోపం వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదేనని అప్పటికి తెలియదు.

చివరికి ఇంజన్లు విప్పి కట్టడంలో జీవితమంతా గడిపిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. బానెట్ ఎత్తాను. ఆయన టర్బో వైపు చూడనే లేదు. టార్చి వేసి దాని అడుగున చూశారు.

"ఆయిల్ లోపలికి ఎలా వెళుతుందో చూశారు. తిరిగి ఎలా వస్తోందో చూశారా?" అన్నారు.

"దానికి గొట్టం ఉందిగదండీ, అదే వస్తుంది" అన్నాను.

"రాదండీ. దిగాలి. దాన్ని నెట్టేవాళ్లు ఎవరూ లేరు అక్కడ."

ఆ రెండు మాటల్లో ఉన్నది విడమరిచి చెబుతాను, ఎందుకంటే పొగ వచ్చే టర్బోల్లో ఎన్నో దీనివల్లే అన్యాయంగా మారిపోతుంటాయి. టర్బో ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు, చిన్నవాటిలో రెండు లక్షలకు పైగా తిరుగుతుంది. ఆ వేగానికి రబ్బరు సీళ్లు నిలవవు. రెండు కొసల్లోనూ పిస్టన్ రింగుల్లాంటి సన్నని ఉక్కు రింగులే ఉంటాయి, వాటి మధ్య సందు కూడా ఉంటుంది. వాటి ముఖ్యమైన పని బయటి వాయువుల పీడనాన్ని లోపలికి రాకుండా ఆపడం. ఆయిల్‌ను ఆపేది లోపల అది నిలవ ఉండకపోవడమే. పంపు ఒత్తిడితో పైనుంచి వచ్చిన ఆయిల్ ఇరుసు చిలుకుడికి మజ్జిగలా నురగెత్తి, ఒత్తిడంతా పోగొట్టుకుని, కేవలం తన బరువుతో కిందికి జారాలి. అందుకే లోపలికి వెళ్లే గొట్టం పెన్ను రీఫిల్లంత సన్నగా ఉన్నా, బయటికి వచ్చేది కనీసం అర అంగుళం లావుండాలి. ఎక్కడా పైకి లేవకుండా వాలుగా దిగాలి. ఇంజన్ అడుగున ఆయిల్ చేరే సంప్‌లో, ఆయిల్ మట్టానికి పైన కలవాలి. ఇందులో ఏది తప్పినా మధ్యభాగంలో ఆయిల్ నిండి, సందు దొరికిన వైపు, అంటే పొగ గొట్టం వైపు, ఒలికిపోతుంది. ఇంజన్ ఊరికే తిరుగుతూ ఉన్నప్పుడు టర్బైన్ వైపు పీడనం తక్కువ కాబట్టి అప్పుడే ఎక్కువగా ఒలుకుతుంది.

పెద్ద హౌసింగ్ వల్ల నా టర్బో పాతదాని కంటే రెండు వేళ్లు కిందికి కూర్చుంది. రబ్బరు గొట్టం మాత్రం పాత పొడవే. మిగిలిన పొడవు మధ్యలో కడుపు దించుకుని వేలాడుతోంది, వాష్‌బేసిన్ కింద ఉండే వంపు గొట్టంలా. పెద్దాయన క్లిప్పు వదులు చేసి గొట్టం లాగితే, ఆ కడుపులో నిలిచిన నల్లటి ఆయిల్ ఆయన మణికట్టు మీదుగా జారింది. ఆయన గొట్టాన్ని నాలుగు వేళ్లంత కోసి, తిన్నగా బిగించారు. అంతటితో ఊరుకోకుండా పైగొట్టం కూడా విప్పారు. నాది బాల్ బేరింగ్ టర్బో. దానికి ఆయిల్ దారిలో మిల్లీమీటరు రంధ్రం ఉన్న చిన్న రెస్ట్రిక్టర్ ఉండాలి. అది లేదు. నా టర్బో డబ్బాలో చిన్న ప్లాస్టిక్ సంచిలో, విప్పని కట్టుతో, భద్రంగా ఉంది. ఇంటికి వెళ్లి తెచ్చి ఇచ్చాను. ఆ తర్వాత నీలం పొగ రాలేదు. కొత్త మధ్యభాగానికి పెట్టిన ఖర్చు తిరిగి రాలేదు.

గొట్టం బాగానే ఉన్నా పొగ వస్తుంటే ఇంజన్ అడుగు గదిని, అంటే క్రాంక్‌కేస్‌ను అనుమానించాలి. పిస్టన్ రింగులు అరిగి గానీ, అక్కడి వాయువులను బయటికి వదిలే పీసీవీ వాల్వు మూసుకుపోయి గానీ అక్కడ పీడనం పేరుకుంటే, దిగే ఆయిల్‌ను అది కింది నుంచే అడ్డుకుంటుంది. కొత్త టర్బోలు వరసగా మూడు తినేసిన ఇంజన్ల కథల వెనక చాలాసార్లు ఉండేది అరచేతిలో ఇమిడే ఆ వాల్వే. గాస్కెట్‌కు ధారాళంగా పూసిన సీలెంట్ ముక్కలు విరిగి ఆయిల్ దారిలో ఇరుక్కోవడం ఇంకో రకం హత్య. ఆయిల్ దారుల్లో సీలెంట్ ట్యూబు వాడే మెకానిక్ చేతిలో నా కారు పెట్టను. ఈ విషయంలో మొండివాడినే.

బూస్ట్ సరిగా రాకపోతే ఏం చేయాలి? ఊహలు మాని రికార్డు చేసిన గీత చూడాలి. కోరిన బూస్ట్ ఒక రంగు, వచ్చిన బూస్ట్ ఇంకో రంగు. రెండో గీత ఆకారమే సగం జబ్బు చెప్పేస్తుంది. మొదట్లో ఒక్కసారి ఎగిరి వెంటనే సర్దుకుంటే అది నియంత్రణ లోపం. బూస్ట్‌ను అదుపు చేసే విద్యుత్ వాల్వు, అంటే సోలెనాయిడ్ సెట్టింగులు సరిచేస్తే పోతుంది. ఎంత తొక్కినా గీత కింద నుంచే సాగుతుంటే గాలి ఎక్కడో కారుతోంది, లేదా ఎక్కువైన పొగను టర్బైన్‌కు తగలకుండా పక్కదారిన వదిలే తలుపు, అంటే వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకోవడం లేదు. మొదట సరిగానే ఉండి ఆర్‌పీఎంతో పాటు మెల్లమెల్లగా పైకి పాకుతూ పోతే జాగ్రత్తపడాలి. దాన్ని బూస్ట్ క్రీప్ అంటారు. సోలెనాయిడ్‌ను పక్కనపెట్టి, వేస్ట్‌గేట్‌ను కదిపే యాక్చుయేటర్ స్ప్రింగు మీదే నడిపి చూస్తే తేలిపోతుంది. అప్పుడూ పాకుతుంటే వేస్ట్‌గేట్ పూర్తిగా తెరుచుకున్నా దాని రంధ్రం చాలడం లేదన్నమాట. లావుపాటి కొత్త ఎగ్జాస్ట్ వేసిన మర్నాడే ఇది మొదలైన కార్లు చాలా ఉంటాయి. పొగకు దారి తేలికైంది, చక్రం హుషారెక్కింది, పక్కదారి మాత్రం పాతదే. దీనికి సాఫ్ట్‌వేర్ మందు లేదు. రంధ్రం పెద్దది చేయాలి, లేదంటే విడి వేస్ట్‌గేట్ పెట్టాలి.

గాలి కారడాన్ని వెతికే పనిముట్టు ఎవరికి వారు చేసుకోవచ్చు. టర్బో నోటికి సరిపడే ప్లాస్టిక్ పైపు మూతకు రంధ్రం చేసి, టైరు వాల్వు ఒకటి బిగించి, పంపుతో గాలి కొట్టడమే. కారు ఎంత బూస్ట్‌తో నడుస్తుందో అంతకు మించి కొట్టకూడదు. సబ్బునీళ్లు చల్లుకుంటూ వెళితే ఎక్కడ బుడగలు వస్తే అక్కడ దొంగ. నా కారులో అది ఇంటర్‌కూలర్ కింది క్లిప్పు దగ్గర దొరికింది. సిలికాన్ గొట్టం అంచు లోపలికి మడత పడి ఉంది, క్లిప్పు ఆ మడత మీదే బిగిసి ఉంది. పైకి చూస్తే చక్కగా ఉన్నట్టే.

అదే లీకు ఒక్కో కారులో ఒక్కో వేషం వేస్తుంది. లోపలికి వచ్చే గాలిని తూచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కారులో సెన్సర్ లెక్కపెట్టిన గాలి దారిలో కారిపోతుంది, ఈసీయూ మాత్రం మొత్తం గాలికి సరిపడా పెట్రోలు పోస్తుంది. నల్ల పొగ, పెట్రోలు వాసన. మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచి నడిచే కారులో మిశ్రమం మారదు, బూస్ట్ కూడా అంకెకు అందుతుంది, ఎందుకంటే కారిపోయినదంతా భర్తీ చేయడానికి టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది. బయటికి కనిపించే లక్షణం ఒక్కటే, ఈలలా పెరిగిన శబ్దం. ఆ ఈలకు మురిసిపోయేవాళ్లు ఉన్నారు. లోపల ఇరుసు తన హద్దు దాటి తిరుగుతోందని అది చెబుతోంది.

చచ్చిన టర్బోను పారేసే ముందు పది నిమిషాలు చేతిలో పట్టుకుని చూడమని అందరినీ బతిమాలుతాను. కంప్రెసర్ రెక్కల కొసలు విరిగి వంగి ఉంటే ఏదో నట్టో, క్లిప్పు ముక్కో మింగింది. అంచులు సానపట్టినట్టు అరిగి ఉంటే ఫిల్టరు దాటి దుమ్ము వస్తోంది. ఇరుసు నీలంగా కమిలి ఉంటే ఆయిల్ అందలేదు. వేళ్లతో పట్టి ఊపినప్పుడు పక్కలకు కాస్త కదలడం మామూలు బేరింగుల్లో సహజం, ఆయిల్ పొర కోసం వదిలిన సందు అది. ముందుకూ వెనక్కూ కదలడం తెలిసిందంటే మాత్రం థ్రస్ట్ బేరింగ్ పోయింది. కారణం కనిపెట్టకుండా కొత్తది బిగిస్తే అది కూడా అదే దారిన పోతుంది.

ఇంధనం సంగతి తొందరగా ముగిస్తాను, ట్యూనర్లు దీన్ని ఎటూ వదలరు కనుక. టర్బో ఇంజన్ ఒక హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.6 పౌను పెట్రోలు తాగుతుంది. 320కి 192 పౌన్లు, పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లకు 48 చొప్పున. ఇంజెక్టర్‌ను 80 శాతం సమయానికి మించి తెరిచి ఉంచకూడదు కనుక గంటకు 60 పౌన్లది, అంటే నిమిషానికి 630 సీసీలది కావాలి. పంపు కూడా దానికి తగ్గట్టే ఉండాలి. ఒక భాగం పెట్రోలుకు 14.7 భాగాల గాలి అనే పుస్తకపు నిష్పత్తి పూర్తి బూస్ట్‌లో పనికిరాదు, అక్కడ 11.5, 12 దగ్గర ఉంచితేనే పిస్టన్లు చల్లగా ఉంటాయి. టర్బో కొని ఇంజెక్టర్లు తర్వాత చూద్దామనుకునేవాడు టర్బో కూడా తర్వాతే కొనుక్కోవాలి.

పెద్ద టర్బోను ఆరు నెలల తర్వాత అమ్మకానికి పెట్టాను. మొదట వచ్చినవాడు పాతికేళ్ల కుర్రవాడు. ఇరుసు ఊపి చూశాడు, రెక్కలు చూశాడు. ఆ పని బాగానే తెలుసు అతనికి.

"ఎంత ఇంజన్?" అన్నాను.

"1.6 లీటర్లండీ."

సొరుగు తెరిచి పెన్సిల్ చుక్కలున్న మ్యాప్ తీశాను. అతని ఇంజన్‌కు లెక్క వేసి కొత్త చుక్కలు పెట్టాను. 7,000 దగ్గర 26 పౌన్లు, 5,000 దగ్గర 18న్నర. నా చుక్కల కంటే ఇంకా ఎడమకు పడ్డాయి. అతను శ్రద్ధగా విన్నాడు, రెండు మంచి ప్రశ్నలు కూడా వేశాడు. అప్పుడు అతని చూపు సొరుగులో ఉన్న డైనో కాగితం మీద పడింది.

"342 దీంతోనే వచ్చిందాండీ?" అన్నాడు.

అవునన్నాను. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, టర్బోను రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగాడు. రెస్ట్రిక్టర్ సంచి బల్ల మీదే మరిచిపోయాడు. నేను వెనకాలే పరుగెత్తి, అతని చొక్కా జేబులో వేసి వచ్చాను.